నాన్న పండించే అరటి, ఆ డ్యూక్ ఇల్లు

మా ఊరు పులివెందుల దగ్గర. నాన్న ఏళ్ల తరబడి టిష్యూ కల్చర్ అరటి, అదే జీ నైన్, వేస్తున్నాడు. అది కావెండిష్ రకమనీ, ఆ పేరు ఇంగ్లండ్‌లో డ్యూక్ బిరుదున్న ఒక ప్రభువు ఇంటిపేరనీ నేను చెప్పినప్పటి నుంచి ఆ ఇల్లు చూడాలని నాన్నది ఒకటే పట్టు. పోయిన జూన్‌లో అమ్మానాన్నలు లీడ్స్ వచ్చినప్పుడు డెర్బీషైర్‌లోని చాట్స్‌వర్త్‌కు తీసుకెళ్లాను.

బేక్‌వెల్‌లో గెస్ట్‌హౌస్ తీసుకున్నాం. ఊరు ముచ్చటగా ఉంది, గది మాత్రం జూన్‌లోనూ చల్లగా ఉంది. శాకాహారమని ముందే చెప్పినా అమ్మకు పొద్దున టోస్టు తప్ప ఏమీ దొరకలేదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు వంటగది ఉన్న కాటేజీ తీసుకోవడమే మేలు.

ఇక ఇల్లు. 1549లో సర్ విలియం కావెండిష్, ఆయన భార్య బెస్ ఈ భూమి కొన్నారు. ఆ వంశానికి 1618లో ఎర్ల్, 1694లో అంతకన్నా పెద్దదైన డ్యూక్ బిరుదు వచ్చాయి. బిరుదు డెవన్‌షైర్‌ది, ఇల్లేమో డెర్బీషైర్‌లో. బిరుదు పెద్ద కొడుక్కే, దాని వెనకే ఎస్టేటూ. ఇది వినగానే నాన్న ఆగిపోయాడు. "మా తాత పదెకరాలు పంపకాలయ్యి నా చేతికి రెండున్నర వచ్చింది. వీళ్లు ముక్క చేయలేదు కాబట్టే నిలిచింది. మరి మిగతా పిల్లలు?" అన్నాడు. నాకూ అదే గుచ్చుకుంది.

ముక్క కాకపోయినా దెబ్బ తగలకుండా పోలేదు. పదో డ్యూక్ పెద్ద కొడుకు 1944లో యుద్ధంలో చనిపోయాడు. డ్యూక్ ఆస్తిని 1946లోనే వారసుడి పేరిట మార్చాడు, కానీ వారసత్వ పన్ను తప్పాలంటే ఆ తర్వాత ఐదేళ్లు బతకాలి. 1950 నవంబరులో, కొన్ని వారాల ముందే పోయాడు. 80 శాతం పన్ను పడింది. అలా బెస్ కట్టించిన హార్డ్‌విక్ హాల్ చేజారింది. చాట్స్‌వర్త్‌కు 1981లో ట్రస్టు పెట్టారు.

105 ఎకరాల తోటలో 1844 నాటి ఫౌంటెన్ కొండమీది నీటి వాలుతోనే ఎగజిమ్ముతుంది, మోటారు లేదు. 1830లలో ఆరో డ్యూక్ తోటమాలి జోసెఫ్ పాక్స్‌టన్ ఇక్కడే అరటిని పెంచి కాయించాడు, దానికే డ్యూక్ ఇంటిపేరు వచ్చింది. తర్వాత ఆయన కట్టిన పెద్ద గాజు మేడను 1920లో కూల్చేశారు. ఆ చోట ఇప్పుడు పొదల చిక్కుదారి ఉంది. పక్కనున్న పాత గోడ రాళ్లను నాన్న అరచేత్తో తడిమాడు. "ఈ చలిలో అరటి గెల వేయించాడంటే ఎంత బొగ్గు మండించాడో!" అన్నాడు. నిజంగానే మొదటి ప్రపంచ యుద్ధంలో బొగ్గు లేకే ఆ గాజు మేడలో మొక్కలు చచ్చిపోయాయి.

ఒక రోజే ఉంటే చాట్స్‌వర్త్ చూడండి. రెండో రోజు ఉంటే తప్పకుండా హార్డ్‌విక్. నాకు అదే ఎక్కువ నచ్చింది. రద్దీ లేదు, గోడలకన్నా కిటికీలే ఎక్కువ. బస్సులను నమ్ముకోకుండా కారు చేసుకోండి. బురుజుల మీద బెస్ రాతిలో చెక్కించిన తన పేరులోని రెండు అక్షరాలు దూరం నుంచే కనిపిస్తాయి. అమ్మ వాటినే చూస్తూ, "ఆడమనిషి తన పేరు ఇంటి నెత్తిన పెట్టుకుంది" అని కారు ఎక్కేదాకా అంటూనే ఉంది.