కాకి మేలా, కోడిగుడ్డు మేలా?

కథ మొదలవకముందే, టైటిల్స్‌లోనే చావు వాసన చూపించే సీరియళ్ళు నా లెక్కలో రెండే. అమెరికా టీవీ ఛానెళ్ళవి: 2001లో హెచ్‌బీఓలో వచ్చిన 'సిక్స్ ఫీట్ అండర్', 2006లో షోటైమ్‌లో వచ్చిన 'డెక్స్‌టర్'. రెండింటి టైటిల్సూ డిజిటల్ కిచెన్ అనే స్టూడియో చేసినవే. నటుడూ ఒకడే, మైకేల్ సి. హాల్. అక్కడ శవాలని సాగనంపడమే వ్యాపారమైన ఇంటి కొడుకు, ఇక్కడ శవాలని తయారుచేసేవాడు.

మొదటిదానిలో దాపరికం లేదు. పట్టుకున్న రెండు చేతులు విడిపోతాయి. స్ట్రెచర్ చక్రాలు దొర్లుతాయి. సీసాలో ద్రవం తగ్గిపోతూ ఉంటుంది, తెల్లపూలు చూస్తుండగానే వాడిపోతాయి. తర్వాత కాకి. ఇంత చూపించాక సంగీతం ఏడవాలి కదా? థామస్ న్యూమన్ ఏడిపించలేదు, తీగల్ని టకటకా మీటించాడు. మా శ్రీకాకుళంలో శవం ముందు వాయించే డప్పూ అంతే. పక్కవీధికి కబురు చెప్పేది ఆ దెబ్బే, కానీ పిల్లల కాళ్ళు దానికి ఊరికే ఉండవు. (నేనూ ఓసారి చిందేసి చెవి మెలిపెట్టించుకున్నాను.)

ఆ కాకిని అక్కడివాళ్ళు అపశకునంగా పెట్టారు. పక్కన కూర్చున్న మా మామ్మ మాత్రం "ఎవరో పెద్దోళ్ళొచ్చారు" అంది. నాగావళి ఒడ్డున పిండం పెట్టి ఆకాశంకేసి చూసినవాళ్ళకి కాకి రాకపోతే కదా టెన్షన్!

'డెక్స్‌టర్'లో శవమే ఉండదు. ఒక మనిషి పొద్దున్నే లేచి తయారవుతాడు, అంతే. చేతిమీద దోమని కొడతాడు. గడ్డం గీసుకుంటుంటే తెగి సింకులో రక్తపు చుక్క పడుతుంది. మాంసం కోస్తాడు, గుడ్డు పగలగొడతాడు, ఎర్ర నారింజని పిండుతాడు. పళ్ళు తోముకునే దారం వేళ్ళకి బిగుస్తుంది, బూటు లేసు బిగుస్తుంది, టీషర్టు ఒక్క క్షణం ముఖాన్ని ముసుగులా కప్పేస్తుంది. కెమెరా ఎంత దగ్గరగా ఉంటుందంటే టిఫిన్ కూడా హత్యలాగే కనిపిస్తుంది. దీనికి రోల్ఫ్ కెంట్ కట్టిన బాణీ చిలిపిగా ఊగుతుంది. మర్నాడు సెలూన్లో గొంతు దగ్గరకి కత్తి వచ్చినప్పుడు అదే నా బుర్రలో మోగింది.

2014 నాటి 'ట్రూ డిటెక్టివ్' సీరియల్ టైటిల్స్‌నీ చాలామంది మెచ్చుకుంటారు. మనుషుల ముఖాల్లో ఫ్యాక్టరీలు, రోడ్లు కలిపేసిన పని. అందంగానే ఉంది, కానీ నాకు పోస్టర్ చూసినట్టే ఉంటుంది.

తెలివి చూస్తే 'డెక్స్‌టర్'దే పైచేయి. ఏమీ చూపించకుండా అంతా చెప్పడం మాటలు కాదు. అయితే అది గారడీ లాంటిది, కిటుకు తెలిశాక మూడోసారికి పట్టు సడలిపోతుంది. చేతులు విడిపోవడంలో కిటుకేముంది? పాడె మోసి వచ్చినవాడికి అది ప్రతిసారీ కొత్తగానే తగులుతుంది. అందుకే నా ఓటు మొదటిదానికి. 'డెక్స్‌టర్' టైటిల్స్ రెండో సీజన్ నుంచి స్కిప్ కొట్టేశాను. దీన్ని మాత్రం కొట్టనివ్వదు మామ్మ, కాకి వచ్చేదాకా ఉంచమంటుంది.