చెరువు గట్టున రెండు యంత్రాలు: ఇందులో ఏది రోబో?

రోబో అంటే ఏమిటో తెలుసుకోవాలంటే నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల గట్టెక్కి, మేత చల్లే యంత్రాల గురించి ఆలోచిస్తే చాలు.

మొదటి రకం టైమరుతో నడుస్తుంది. వేళకు మోటారు తిరుగుతుంది, మేత చల్లుతుంది, ఆగుతుంది. రొయ్యలు తిన్నాయా, వాన పడుతోందా అన్నది దానికి పట్టదు. చవక, మరమ్మతు తేలిక. నా లెక్కలో మాత్రం అది రోబో కాదు, అలారం గడియారానికి చేయి మొలిచినట్టు.

రెండోది వింటుంది. చెరువుల్లో పెంచే వెనామీ రకం రొయ్య మేత గుళికను కొరికితే టిక్కుమని చిన్న చప్పుడు. నీటిలో వేలాడే మైకు దాన్ని పట్టుకుంటుంది. నీటిలో గాలి కలిపే ఏరేటర్ల హోరులోంచి ఆ టిక్కులను కంప్యూటర్ వేరుచేసి, అవి తగ్గగానే మోటారును ఆపుతుంది. గ్రహించడం, నిర్ణయించడం, కదలడం: ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి తిరుగుతూ ఉంటేనే రోబో. కాళ్లూ చేతులూ అక్కరలేదు. మిగిలిన మేత అడుగున కుళ్లితే రొయ్యలకు విషమైన అమ్మోనియా పెరుగుతుంది కాబట్టి, సమయానికి ఆపడమే ఇక్కడ అసలు పనితనం.

ఖర్చు ఎక్కువే. మైకుకు నాచు పట్టిందా, చెవుడే! చిన్న చెరువుకైతే టైమరే మేలంటాను. మేత ఏ మేరకు తిన్నాయో తెలిసేలా నీటిలో దించి ఉంచే చెక్ ట్రే ఎత్తి చూసి, మేత మిగిలితే టైమరు తగ్గించే పని రైతుది.