పదిహేనేళ్లు దాటిన స్ప్లెండర్: రిపేరు డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ ఆపాలి

ఈ సమీక్ష కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) ఉన్న పాత స్ప్లెండర్ గురించి. 2020లో బీఎస్-6తో ఇంజెక్షన్ బండ్లు వచ్చాయి, వాటి లెక్క వేరు. స్ప్లెండర్ ఐస్మార్ట్ 110 ఇంజిన్ కూడా వేరే. ఇక్కడ చెప్పేదంతా 97.2 సీసీ ఇంజిన్, రెండు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు ఉన్న బండి సంగతి.

ఏళ్ల తరబడి తోలాక తేలింది ఒకటే: ఈ బండికి సామాను ఖరీదు కాదు. ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, సీడీ డాన్, ప్యాషన్‌లతో చాలా భాగాలు కలుస్తాయి కూడా. డబ్బు పోయేదల్లా రోగం తెలియకుండా విప్పించడంలో, విప్పిన చోటే మళ్లీ విప్పించడంలో.

నీలం పొగ సంగతే తీసుకోండి. పొగ కనపడగానే మెకానిక్ అనే మాట "బోర్ పోయిందన్నా, హాఫ్ ఇంజిన్ చెయ్యాలి". అంటే సిలిండర్ లోపలి గోడ అరిగింది, హెడ్, సిలిండర్ దించి పని చెయ్యాలని. తల ఊపే ముందు పొగ ఎప్పుడొస్తోందో చూడండి. పొద్దున స్టార్ట్ చెయ్యగానే గుప్పున వచ్చి కాసేపటికి ఆగిపోయినా, పల్లంలో థ్రాటిల్ (ఎక్సిలరేటర్) వదిలి మళ్లీ తిప్పినప్పుడు మాత్రమే వచ్చినా ముందు అనుమానించాల్సింది వాల్వ్ సీళ్లను, అంటే వాల్వుల పక్కనుంచి ఆయిల్ లోపలికి కారకుండా ఆపే చిన్న రబ్బర్లను. హెడ్ దించి సీళ్లు మార్చి చూస్తే చాలు, బోర్ జోలికి పోనక్కర్లేదు. థ్రాటిల్ తిప్పినంతసేపూ పొగ వస్తూ, ప్లగ్ మీద తడి మసి పడుతూ, ఆయిల్ తరిగిపోతుంటే అప్పుడు పిస్టన్ రింగులు, బోర్.

కంప్రెషన్ (సిలిండర్ లోపలి గాలి ఒత్తిడి) కొలిచే గేజ్ లేని షెడ్డులో కూడా కొంత తేల్చుకోవచ్చు. ప్లగ్ విప్పి, సిరంజికి సన్న పైపు పెట్టి చెంచాడు ఇంజిన్ ఆయిల్ లోపలికి పంపండి. ఈ ఇంజిన్‌లో సిలిండర్ దాదాపు పడుకుని ఉంటుంది కాబట్టి ఆయిల్ అడుగునే ఉండిపోతుంది. కీ ఆఫ్‌లో ఉంచి, రంధ్రం మీద గుడ్డ వేసి నాలుగైదు కిక్కులు కొడితే గోడలకు పడుతుంది. ఆ తర్వాత ప్లగ్ బిగించి కిక్ కొట్టినప్పుడు పెడల్ ముందుకంటే బాగా గట్టిపడితే గాలి పోతున్నది రింగుల పక్కనుంచి. తేడా లేకపోతే వాల్వులు సరిగా కూర్చోవడం లేదు, గ్రైండింగ్ కావాలి. అయితే ముందు టాపెట్లు, అంటే వాల్వుల దగ్గర వదిలే సందు, చూడాలి. మరీ టైటుగా ఉన్నా కంప్రెషన్ పోతుంది.

నిజంగా బోరే పోతే, ఒరిజినల్ కొలత 50 మిల్లీమీటర్లు. అరిగిన బోర్‌ను పెంచి కొట్టే పైసైజులు 0.25, 0.50, 0.75, 1 మిల్లీమీటరు. ముందు పిస్టన్ కొని, దాన్ని చేతిలో పెట్టుకుని లేత్ షాపుకు వెళ్లాలి. దాని కొలతకే బోర్ కొట్టించాలి. బోర్ కొట్టేశాక పిస్టన్ వెతికితే వదులో బిగువో అవుతుంది, ఆర్నెల్లలో మళ్లీ పొగ. ఆఖరి సైజు దాకా వచ్చిన సిలిండర్‌ను లాగే బదులు సిలిండర్ కిట్ మొత్తం కొత్తది వేయడం మేలు.

హెడ్, సిలిండర్ ఎలాగూ దించారు కదా, ఇంజిన్ లోపల వాల్వులను నడిపే టైమింగ్ చైన్, దాని రోలర్లు, టెన్షనర్ రబ్బరు కూడా చూడాలి. చైన్ మార్చాలంటే ఎడమవైపు మాగ్నెట్ (కరెంటు పుట్టించే చక్రం) విప్పాలి, అందుకే చాలామంది పాతదాన్నే వదిలేసి మూత పెట్టేస్తారు. నెల తిరక్కుండా కటకట మొదలవుతుంది, మళ్లీ కూలి, మళ్లీ ప్యాకింగులు.

ఆయిల్ మార్పుకు 900 మిల్లీలీటర్లు చాలు, గ్రేడు 10డబ్ల్యూ-30, డబ్బా మీద జాసో ఎంఏ (బైకు క్లచ్‌కు సరిపడే ఆయిల్ అనే గుర్తు) అని ఉండాలి. చవకగా వచ్చిందని కారు ఆయిల్ పోస్తే క్లచ్ ప్లేట్లు జారతాయి, ఎందుకంటే అవి అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. అసలు ఎవరూ ముట్టుకోనిది ఇంకొకటుంది. కుడివైపు క్లచ్ కవరు లోపల, క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) చివర తిరిగే ఫిల్టర్. దాని చిన్న మూత మూడు స్క్రూలతో ఉంటుంది. విప్పితే గోడల చుట్టూ కాటుకలా గట్టిపడిన మడ్డి. దాన్ని గీకి, పెట్రోలుతో కడిగి, కింద ఉండే జల్లెడ కూడా తుడిస్తే హెడ్‌కు ఆయిల్ సరిగా అందుతుంది. క్లచ్ ప్లేట్ల పని వచ్చినప్పుడు అదే కవరు విప్పుతారు కాబట్టి ఆ రోజే చేయించుకుంటే అదనపు ఖర్చు ఏమీ ఉండదు. డ్రెయిన్ బోల్టు దగ్గర మాత్రం నిలబడి చూసుకోండి. గొలుసు బిగించినట్టు బిగిస్తే అల్యూమినియంలో మర పోతుంది, వాషర్ కొత్తది వేస్తే అంత బలం అక్కర్లేదు.

థ్రాటిల్ తిప్పగానే వెనక చక్రం ఠక్కున కుదిపితే వెంటనే చైన్ సెట్ కొనకండి. వెనక హబ్‌లో ఉండే రబ్బర్లు అరిగినా అదే కుదుపు. చక్రం విప్పి, స్ప్రాకెట్‌ను చేత్తో ముందుకూ వెనక్కూ ఊపి చూస్తే తెలుస్తుంది. చైన్ మార్చాల్సి వస్తే మాత్రం రెండు స్ప్రాకెట్లతో కలిపే.

బల్బులు మాటిమాటికీ మాడిపోతున్నాయా? బల్బులు కొనడం ఆపి, వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ చూపించండి. ఇంజిన్ రేజ్ చేసినప్పుడు బ్యాటరీ దగ్గర 15 వోల్టులు దాటుతుంటే అదే దోషి, బ్యాటరీని కూడా అదే తినేస్తుంది. స్లో స్పీడులో హెడ్‌లైట్ మసకబారడం మాత్రం పాత మోడల్‌లో జబ్బు కాదు. ఆ లైటు బ్యాటరీ నుంచి కాకుండా, ఇంజిన్ తిరిగితే కరెంటిచ్చే కాయిల్ నుంచి నేరుగా వెలుగుతుంది.

లోకల్ సామాను అన్నిచోట్లా చెడ్డదేమీ కాదు. మడ్‌గార్డు, సీటు కవరు, అద్దాలు, ఫుట్‌రెస్ట్ రబ్బర్లు ఏవైనా ఫర్వాలేదు. పిస్టన్, క్లచ్ ప్లేట్లు, బ్రేక్ లైనర్లు, బేరింగులు, ఆయిల్ సీళ్లు, కేబుళ్లు ఒరిజినల్‌వే. ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చాక పాత రబ్బర్ల మీద ఓ కన్ను వేయాలి. పెట్రోలు పైపు గట్టిపడిందా, కార్బురేటర్ వెనక ఓ-రింగు పోయిందా చూడండి. థ్రాటిల్ వదిలితే ఇంజిన్ స్లోలో నిలవకపోతే ఆ జాయింటు మీద కాస్త సబ్బునీళ్లు చల్లండి. శబ్దం మారితే గాలి అక్కడే పీలుస్తోంది. ఐదు పది రూపాయల రింగుకు కార్బురేటరే మార్చేవాళ్లున్నారు.

కాగితాల ఖర్చు కూడా లెక్కలో ఉండాలి. పదిహేనేళ్లకు ఫారం 25తో రిజిస్ట్రేషన్ రెన్యూవల్. 2022 ఏప్రిల్ నుంచి ఫీజు 1,000 రూపాయలు, 2025 ఆగస్టు నుంచి ఇరవై ఏళ్లు దాటినవాటికి 2,000. పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ రాష్ట్రాన్ని బట్టి. ఈ సీసీకి థర్డ్ పార్టీ బీమా ప్రీమియం 2022 జూన్ రేట్ల ప్రకారం ఏడాదికి 714, జీఎస్టీ అదనం.

పెద్ద రిపేరుకు, రెన్యూవల్‌కు డబ్బు కట్టే ముందు రెండు చూడండి. ఒకటి క్రాంక్: సిలిండర్ దించినప్పుడు కనెక్టింగ్ రాడ్‌ను పక్కకు కదిపితే కొంచెం ఆడాలి, దాని పొడవు వెంట లాగి నెడితే అస్సలు ఆడకూడదు. ఆడితే ఫుల్ ఇంజిన్, అంటే ఇంజిన్ మొత్తం విప్పే పని. అయినా చేయించవచ్చు, సామాను దొరుకుతుంది. రెండోది ఛాసిస్: సెంటర్ స్టాండు, స్వింగ్ ఆర్మ్ బిగించే చోట తుప్పు గీకి సుత్తితో తట్టండి. అక్కడ రేకు లోపలికి పోతే వెల్డింగులతో పని జరగదు, ఇంజిన్ మీద ఇంక రూపాయి పెట్టకండి.