పెరటి గుడ్లకు ఏ కోడి మేలు? గ్రామప్రియా, వనరాజా, నాటు పెట్టా?

పెరట్లో నాలుగు కోళ్లు వేసుకుందామనుకున్న వాళ్లంతా మొదట అడిగేది ఒకటే: "ఏది ఎక్కువ గుడ్లు పెడుతుంది?" దీనికి జవాబు తేలికే. ఫారాల్లో ఉండే తెల్ల లేయర్ కోడి. ఏడాదికి 300 పైనే. కాకపోతే అది పంజరంలో కూర్చుని, రోజుకు 110 గ్రాముల దాణా తిని, లైట్లతో కలిపి 16 గంటల వెలుగులో ఉన్నప్పటి లెక్క. దాన్నే తెచ్చి జామచెట్టు కింద వదిలి, నాలుగు నూకలు చల్లి, ఆ 300 ఎక్కడని అడిగితే ఎక్కడినుంచి తెస్తుంది? అందుకే నేను ఎదురు ప్రశ్న వేస్తాను. పగలు ఇంట్లో ఎవరుంటారు? కుక్కలు, ముంగిసల సంగతేంటి? కోడిపిల్లల్ని కూడా ఇంట్లోనే పొదిగించుకోవాలా, గుడ్లు దొరికితే చాలా?

మాది తెనాలి దగ్గర పల్లె. పది సెంట్లలో ఇల్లు, వెనక పెరడు. నేను కాపురానికి వచ్చేసరికే మా అత్తగారికి నాటు పెట్టలున్నాయి. తర్వాత వనరాజా వచ్చింది, ఆ తర్వాత గ్రామప్రియా. ఈ రెండూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన రకాలే. అక్కాచెల్లెళ్లని అందరూ ఒకే గాటన కడతారు గానీ వాటి పని వేరు. వనరాజా మాంసానికీ గుడ్లకీ కలిపి చేసింది. గ్రామప్రియా ప్రధానంగా గుడ్లకి.

లెక్క వేసి చూస్తే తేడా బాగా తెలుస్తుంది. మా ఇంట్లో నలుగురం. సగటున రోజుకు 3 గుడ్లుంటే చాలు, అంటే ఏడాదికి 1,095. పెరటి పెంపకంలో గ్రామప్రియా 160 నుంచి 180 పెడుతుంది కాబట్టి ఆరేడు పెట్టలు సరిపోతాయి. వనరాజా 110 దాకా పెడుతుంది, పది పెట్టలు కావాలి. నాటుకోడి 50, 60 దగ్గర ఆగుతుంది. ఇరవై పెట్టలు! ఇరవై పెట్టలంటే పక్కింటి ఆకుకూర మడి సంగతి మర్చిపోవాల్సిందే. గుడ్డు సైజు కూడా కలుపుకోండి. గ్రామప్రియా గుడ్డు 55 గ్రాముల పైన తూగుతుంది, నాటు గుడ్డు 40 అటూ ఇటూ.

మరి నాటుకోడిని ఇంకా ఎందుకు పెంచుతున్నారంటే, అది గుడ్లతో పాటు ఇంకో పని చేస్తుంది కనుక. పన్నెండో పదిహేనో గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. 21 రోజులు లేవదు. పిల్లలు వచ్చాక రెండు మూడు నెలలు వాటి వెనకే తిరుగుతుంది. అన్నాళ్లూ గుడ్డు ఉండదు. ఏడాదికి మూడు నాలుగు సార్లు ఇదే వరస, ఇక అరవై ఎక్కడ దాటుతుంది? పొదుగు మాన్పించాలని కోడిని నీళ్లలో ముంచి తీసే వాళ్లున్నారు. మా అత్తగారు ఒప్పుకోరు. "దాని పని దాన్ని చేసుకోనీవమ్మా" అంటారు. గద్ద నీడ పడగానే అది చేసే ఒక రకం అరుపు ఉంటుంది, పిల్లలన్నీ తులసికోట కిందికి దూరిపోతాయి. పొద్దుగూకితే మునగచెట్టెక్కి కూర్చుంటుంది. ఏ హేచరీ పిల్లకీ ఈ చదువు రాదు.

వనరాజాతో మాకు కుదరలేదు. తప్పు కోడిది కాదు, మాది. దాని ఒళ్లు తొందరగా పెరిగే ఒళ్లు. సాయంత్రం మిగిలిన అన్నమంతా వాటికే పెట్టేవాళ్లం. ఆరు నెలలకు రెండు, రెండుంపావు కిలోలు ఉండాల్సిన పెట్ట మూడు కిలోలకు వెళ్లింది. కొవ్వు పట్టిన కోడి గుడ్డు పెట్టదని ఫారాల వాళ్లకి తెలుసు, మాకు తెలియదు. పైగా అంత బరువేసుకుని గోడెక్కలేదు. ఒకరోజు గేటు తీసి ఉంటే కుక్క లోపలికొచ్చింది. నాటువి చెట్టుమీద, వనరాజాలు నేలమీద. రెండు పోయాయి. పుంజుల్ని పండక్కి కోసుకునే ఉద్దేశం ఉంటే మాత్రం వనరాజా మంచిదే, దాని మాంసం నాటుకోడికి దగ్గరగా ఉంటుంది. నాకు కావాల్సింది గుడ్లు.

గ్రామప్రియా తేలికగా ఉంటుంది, కాళ్లు పొడవు, పరుగు ఉంది. గోధుమ రంగు గుడ్డు. మావి ఐదున్నర నెలలకు మొదలుపెట్టాయి. మొదటి గుడ్డు పెట్టిన రోజు పెరడంతా తిరుగుతూ అరగంట కేకలేసింది, ఏదో దొంగ పడ్డాడనుకున్నాం. లోపం ఒకటే, ఇది పొదగదు. అత్తగారు నెలరోజులు చూసి, "ఇన్ని గుడ్లు పెట్టి ఒక్కనాడైనా కూర్చోదేంటమ్మా, ఇదేం పెట్ట?" అన్నారు. పొదుగు గుణం పోయింది కాబట్టే అన్ని గుడ్లు పెడుతోందని చెప్పినా ఆవిడకి నచ్చలేదు. ఇంకో మాట కూడా చెప్పాలి. వాటి గుడ్లనే పొదిగించి పిల్లల్ని తీస్తే ఆ పిల్లలు తల్లంత పెట్టవు. సంకరరకం కదా. మంద పాతబడగానే మళ్లీ పిల్లల్ని కొనాల్సిందే.

రాజశ్రీ అనే రకం కూడా రాజేంద్రనగర్‌లోనే, పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ల కోళ్ల పరిశోధన కేంద్రంలో పుట్టింది. గుడ్లలో గ్రామప్రియాకు కాస్త వెనక, వనరాజాకు ముందు. దగ్గర్లో అదే దొరికితే సందేహించకుండా తీసుకోండి. కడక్‌నాథ్ సంగతి వేరు, అది నల్ల మాంసం కోడి. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా కడక్‌నాథ్ మాంసానికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చాక రేటూ ప్రచారమూ పెరిగాయి గానీ గుడ్లు వందలోపే. గుడ్ల కోసం దాన్ని కొనడం దండగ. పందెం కోడి అసీల్‌ని గుడ్ల కోసం పెంచేవాడిని నేనింతవరకు చూడలేదు.

గోధుమ రంగు గుడ్లు పెట్టే ఫారం రకాల్ని కూడా పెరటికోళ్లని అమ్ముతున్నారు. పూర్తి లేయర్ దాణా కొనగలిగితే గ్రామప్రియాను మించి పెడతాయి, కాదనను. నూకలు, తవుడు మీద వదిలేస్తే మాత్రం రెండు నెలల్లో తోలుగుడ్లు మొదలవుతాయి. పెంకు ఉండదు, పట్టుకుంటే నీళ్ల సంచిలా వేళ్ల మధ్య జారుతుంది. సున్నం చాలట్లేదని అర్థం. గ్రామప్రియాకైనా సరే, ఒక చిప్పలో గుల్ల పొడి ఎప్పుడూ ఉంచండి. ఎంత కావాలో అవే తింటాయి.

రకం ఎంచుకోవడం కన్నా, అడిగిన రకమే చేతికి రావడం కష్టం. మొదటిసారి నేను వీధిలో బండి మీద వచ్చినతని దగ్గర గ్రామప్రియా అని ఇరవై పిల్లల్ని కొన్నాను. తెచ్చిన నెలకే తెల్లటి ఈకలొచ్చాయి, ఇంకో నెలకి ఇరవైకీ జుట్టు ఎర్రబడింది. అన్నీ పుంజులే! లేయర్ హేచరీల్లో పనికిరాని మగపిల్లలన్నమాట. అప్పటినుంచి రకం పేరు రాసిన రసీదు ఇచ్చేచోటే కొంటున్నాను, మారెక్స్ అనే పక్షవాత తెగులుకి టీకా వేశారా అని అడిగి మరీ. ఇంటికొచ్చాక వారంలోపు కొక్కెర తెగులు రాకుండా లసోటా టీకా చుక్క కంట్లో వేయాలి. ఎనిమిదో వారం అదే తెగులుకి ఇంకో టీకా, ఆర్‌టూబీ ఇంజెక్షన్. మందు సీసా వంద కోళ్లకో ఇంకా ఎక్కువకో వస్తుంది, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. ఆరు కోళ్లకి సీసా దండగ అని మానేస్తే ఒక్క తెగులుకి గూడు ఖాళీ అవుతుంది. మేం వీధిలో నాలుగిళ్ల వాళ్లం ఒకే రోజు పెట్టుకుంటాం, సీసా ఖర్చు పంచుకుంటాం.

అయితే ఏది? పగలు మనిషి ఉండని ఇల్లు, కంచె లేని పెరడు అయితే నాటుకోడే, గుడ్లు తక్కువైనా సరే. దాని ప్రాణం అది కాపాడుకుంటుంది. చుట్టూ గోడ ఉండి, రాత్రి గూట్లో వేసి తలుపేసే మనిషి ఉంటే ఆరేడు గ్రామప్రియా పెట్టలు. గుడ్ల కోసమే అయితే పుంజు అక్కర్లేదు.

మా పెరట్లో ఇప్పుడు ఆరు గ్రామప్రియాలు, రెండు నాటు పెట్టలు, ఒక నాటు పుంజు ఉన్నాయి. పోయిన నెల నాటు పెట్ట పొదుగుకొస్తే అత్తగారు దాని కింద పన్నెండు గుడ్లు పెట్టారు, ఏడు గ్రామప్రియావి, ఐదు దానివి. తొమ్మిది పిల్లలొచ్చాయి. వాటిలో తనవేవో, పరాయివేవో ఆ తల్లికి పట్టలేదు. గంప కింద కమ్మబోతే మా చేతులు మాత్రం పొడిచి పొడిచి పెట్టింది.