స్విఫ్ట్ ముందు లోయర్ ఆర్మ్: ఇంట్లో మార్చేవాళ్లు ఏది కొనాలి, ఎట్లా బిగించాలి

ఈ రివ్యూ 2011 నుంచి 2018 వరకు వచ్చిన మారుతి స్విఫ్ట్ గురించి. దీని ముందు సస్పెన్షన్‌లో స్ట్రట్ (షాక్, స్ప్రింగ్ కలిసిన భాగం) కన్నా ముందు చేతులెత్తేసేవి లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది నుంచి ఫ్రేమ్‌కు కలిపే ఇనుప చెయ్యి) బుష్‌లు, అంటే దాని కీళ్లలోని రబ్బరు గొట్టాలు, ఇంకా బ్యాలెన్స్ రాడ్ (మలుపుల్లో బండి ఒరగకుండా పట్టే కడ్డీ) లింకులు. భూపాలపల్లి బొగ్గు లారీలు, కరీంనగర్ గ్రానైట్ లారీలు తిరిగే దారుల్లో రోజూ నడిచే బండికైతే ఇంకా తొందరగా. అయినా టక్‌టక్ చప్పుడు వినగానే షాకులు మార్పించేవాళ్లే ఎక్కువ. డబ్బులు పోతాయి, చప్పుడు మాత్రం పోదు.

అందుకే కొనే ముందు పరీక్ష చేయాలి. చక్రం గాల్లోకి లేపి పైన, కింద చేతులు పెట్టి ఊపండి. లూజు తెలిస్తే అది బాల్ జాయింట్ (ఆర్మ్ చివరను చక్రం వైపు కలిపే గుండ్రటి కీలు) కావచ్చు, వీల్ బేరింగ్ కావచ్చు. ఇంకొకరితో బ్రేక్ తొక్కించి మళ్లీ ఊపండి. లూజు మాయమైతే బేరింగ్, అట్లాగే ఉంటే బాల్ జాయింట్. ఎడమ, కుడి పట్టి ఊపినప్పుడు ఆడితే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ చివరి కీలు). తర్వాత ఆర్మ్‌కూ ఫ్రేమ్‌కూ మధ్య పొడవాటి రాడ్డు పెట్టి మెల్లగా ఎత్తి చూడండి. బుష్ రబ్బరు లోపలి గొట్టం నుంచి ఊడి వస్తుంటే దాని పని అయిపోయినట్టే. రబ్బరు పైపైన సన్నగా పగిలితే భయం లేదు, మే నెల ఎండలకు ఏ బండికైనా అంత మాత్రం పగుళ్లు వస్తాయి. షాక్ మీద నూనె తడిగా కారుతుంటే షాక్ మార్చాలి, దుమ్ము పట్టిన సన్నటి తేమకు కాదు.

ఆర్మ్ సంగతి తేలాక మీ ముందు మూడు దారులుంటాయి: ఒట్టి బుష్‌లు, కంపెనీ ఆర్మ్, బయటి తయారీ ఆర్మ్.

ఒట్టి బుష్‌లు చాలా చవక, కానీ ఇంటి పనికి పనికిరావు. పాత బుష్ దిగాలన్నా, కొత్తది ఎక్కాలన్నా హైడ్రాలిక్ ప్రెస్ కావాలి. సుత్తితో కొట్టి ఎక్కిస్తే బుష్ బయటి గొట్టం నొక్కుకుపోతుంది, ఆర్మ్ కన్ను సాగుతుంది, కొత్త బుష్ కొన్ని నెలలకే కదలడం మొదలుపెడుతుంది. వరంగల్ ఆటోనగర్ లాంటి చోట ప్రెస్ ఉన్న షాపుకు ఆర్మ్‌లు విప్పి తీసుకుపోతే పని అవుతుంది గానీ, బుష్ రబ్బరులో ఖాళీలుంటే అవి ఏ దిక్కుకు ఉన్నాయో విప్పకముందే పెయింట్‌తో గుర్తు పెట్టుకోండి. అడ్డం తిప్పి ఎక్కిస్తే బ్రేక్ కొట్టినప్పుడల్లా బండి పక్కకు లాగుతుంది. పైగా పాత బాల్ జాయింట్ అట్లాగే మిగిలిపోతుంది. నా లెక్కలో దీనికి ఐదుకు రెండు.

కంపెనీ ఆర్మ్ రెండు బుష్‌లు, బాల్ జాయింట్ అన్నీ బిగించే వస్తుంది. విప్పి ఎక్కించడమే. ధర బుష్‌ల కన్నా చాలా ఎక్కువ, అయినా ఐదుకు నాలుగున్నర ఇస్తాను. ఛాసిస్ నంబర్ చెప్పి పార్ట్ నంబర్ రాయించుకోండి. పెట్టె మీది నంబర్, ఎంఆర్‌పీ స్టిక్కర్ దానితో కలవాలి.

బయటి తయారీ ఆర్మ్‌లలో మంచివీ ఉన్నాయి, చెత్తా ఉంది. పేరు కన్నా వస్తువునే చేత్తో పట్టి చూడటం మేలు. కొత్త బాల్ జాయింట్ కాడను వేళ్లతో తిప్పితే బిగుసుగా కదలాలి. వేలాడిపోతుంటే అక్కడే తిరిగి ఇచ్చేయండి. రబ్బరు టోపీ రింగు గట్టిగా పట్టి ఉండాలి. వెల్డింగ్ గీతలో చిన్న రంధ్రాలు ఉండొద్దు. పాత ఆర్మ్ పక్కన పెట్టి బోల్టు రంధ్రాల దూరం కొలిచి చూడండి, తేడా ఉంటే క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలే కోణం) మారి టైరు ఒక పక్కే అరగొచ్చు. ఈ పరీక్షలన్నీ నెగ్గిన దానికి మూడున్నర.

కొనాల్సిన లెక్క ఇది: ఎడమ, కుడి ఆర్మ్‌లు ఒక్కొక్కటి, లింక్ రాడ్లు (బ్యాలెన్స్ రాడ్ లింకులు) రెండు, వాటికి కొత్త లాక్ నట్లు నాలుగు, బాల్ జాయింట్ బిగించే బోల్టులు నట్లతో రెండు. ఒక వైపు ఆర్మ్ పోయిందంటే రెండోది అన్నే కిలోమీటర్లు తిరిగిందని మరవొద్దు, అందుకే జత మార్చడమే నయం. పనిముట్లలో రెండు టన్నుల ట్రాలీ జాక్, రెండు స్టాండ్లు, టార్క్ రెంచ్ (బిగింపు బలం కొలిచే పానా), 19 మి.మీ. గోటీ (సాకెట్), చక్రాలకు అడ్డం పెట్టే దిమ్మెలు తప్పనిసరి. బండితో వచ్చిన జాక్ స్టెప్నీ మార్చడానికే, దాని మీద నమ్మకం పెట్టి కిందికి దూరొద్దు. నేల సిమెంటుదై ఉండాలి. మొరం నేల మీద స్టాండు కుంగుతుంది.

ముందు రోజు రాత్రే బోల్టులకు తుప్పు వదిలించే స్ప్రే కొట్టి పెట్టండి. ముందు రెండు చక్రాలూ ఒకేసారి లేపండి, ఒక్క వైపే లేపితే బ్యాలెన్స్ రాడ్ మెలిపడి లింక్ బోల్టు బయటికి రాదు. లింక్ రాడ్ నట్టు విప్పేటప్పుడు కాడ కూడా తిరుగుతుంది. కాడ చివర అలెన్ కీ రంధ్రం మట్టితో నిండి ఉంటుంది, సూదిలాంటి దానితో బాగా గీరి కీ పూర్తిగా దిగాకే బలం పెట్టండి. సగం దిగిన కీతో తిప్పితే రంధ్రం గుండ్రమైపోతుంది, ఇక కోయడం తప్ప దారి లేదు.

బాల్ జాయింట్ కాడకు ఒక గాడి ఉంటుంది, పించ్ బోల్టు, అంటే నకిల్ (చక్రాన్ని మోసే ఇనుప ముక్క) చీలికను నొక్కి కాడను పట్టే బోల్టు, ఆ గాడిలోంచే పోతుంది. బోల్టును లూజు చేస్తే చాలదు, పూర్తిగా బయటికి తీయాలి. చాలామంది ఇక్కడే పట్టు తప్పి సుత్తితో బాది నకిల్ చెవి పగలగొడతారు. బోల్టు తీశాక నకిల్ చీలికలో ఉలి కొంచెం దూర్చి, ఆర్మ్‌ను రాడ్డుతో కిందికి నొక్కితే కాడ దిగుతుంది. అప్పుడు నకిల్ బయటికి ఒరుగుతుంది, దాన్ని తాడుతో స్ట్రట్‌కు కట్టేయండి. లేకుంటే డ్రైవ్ షాఫ్ట్ (ఇంజన్ బలాన్ని చక్రానికి చేర్చే ఇరుసు) లోపలి జాయింట్ ఊడొచ్చు, బ్రేక్ గొట్టం, ఏబీఎస్ వైరు లాగబడతాయి.

కొత్త ఆర్మ్ ఎక్కించడం సులువే. అసలు ప్రాణం బిగింపులో ఉంది. బుష్ లోపలి గొట్టం బోల్టుతో ఫ్రేమ్‌కు పట్టేసి ఉంటుంది, ఆర్మ్ కదిలినప్పుడు మధ్య రబ్బరే మెలి తిరుగుతుంది. చక్రం వేలాడుతుండగా బోల్టు బిగిస్తే, బండి కిందికి దింపగానే ఆ రబ్బరు మెలిపడి అట్లాగే ఉండిపోతుంది. స్పీడ్ బ్రేకర్ దాటిన ప్రతిసారీ ఇంకాస్త మెలిపడి త్వరగా చిరిగిపోతుంది. "కొత్త ఆర్మ్ ఆరు నెలలకే పోయింది" అనే ఫిర్యాదుల వెనక చాలాసార్లు ఉండేది ఈ తప్పే, వస్తువు లోపం కాదు. కాబట్టి బుష్ బోల్టులు చేతి బిగువు వరకే తిప్పి ఆపండి. స్టాండ్లు తీయకుండా, జాక్‌ను బాల్ జాయింట్ దగ్గర ఆర్మ్ కింద పెట్టి, బండి స్టాండు మీంచి వెంట్రుకవాసి లేచేదాకా ఎత్తండి. ఇప్పుడు బండి బరువు ఆర్మ్ మీద ఉంది. అప్పుడే సర్వీస్ మాన్యువల్ చెప్పిన టార్క్‌కు బిగించండి. రెండో వైపూ ఇంతే.

స్ట్రట్ కూడా మార్చాల్సి వస్తే స్ప్రింగ్ బిగించే పనిముట్టు మంచిది కొనండి. సన్నటి కొక్కేలవి వద్దు. జతలోని రెండు పనిముట్లనూ స్ప్రింగ్‌కు ఎదురెదురుగా పెట్టి, ఒకదాన్ని రెండు చుట్లు, ఇంకోదాన్ని రెండు చుట్లు చొప్పున చేతి పానాతోనే బిగించాలి. స్ప్రింగ్ తన గిన్నెలో లూజుగా తిరిగేదాకా పై నట్టు ముట్టొద్దు. ముందే విప్పితే స్ప్రింగ్ ఎగిరి ప్రాణం తీయగలదు. ఈ పనిలో అనుమానముంటే స్ట్రట్ విప్పి షాపుకు తీసుకుపోయి స్ప్రింగ్ మార్పించి తెచ్చుకోండి. అందులో తప్పేం లేదు.

చక్రం నట్లు కూడా మాన్యువల్ చెప్పిన టార్క్‌కు, ఒకటి విడిచి ఒకటి చొప్పున బిగించండి. బిగించిన ప్రతి సస్పెన్షన్ బోల్టు మీద తెల్ల పెయింట్‌తో గీత గీయండి, 500 కిలోమీటర్ల తర్వాత గీత జరిగిందా లేదా ఒక్క చూపులో తెలుస్తుంది. అలైన్‌మెంట్ మాత్రం ఆగకుండా అదే రోజు చేయించండి. హనుమకొండ, కాజీపేట టైరు షాపుల్లో కంప్యూటర్ మిషన్లున్నాయి. ముందూ తర్వాతా కొలతలున్న కాగితం అడిగి తీసుకోండి. ఈ బండికి ముందు సర్దగలిగేది టో (పై నుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఒక్కటే. క్యాంబర్ రెండు వైపులా బాగా తేడాగా వస్తే ఆర్మ్ కొలతనో, వంగిన స్ట్రట్‌నో, నకిల్‌నో మళ్లీ చూడాలి.