పాత కంప్యూటర్‌కు విండోస్ 11 పడుతుందా? పీసీ హెల్త్ చెక్‌ను చాలాకాలం వాడిన మీదట

మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పీసీ హెల్త్ చెక్ అనే చిన్న ప్రోగ్రామును 2021 అక్టోబరులో విండోస్ 11 విడుదలైనప్పటి నుంచి వాడుతున్నాను. విశాఖపట్నంలో మా ఇంట్లోనూ, ద్వారకానగర్‌లోని మా అకౌంట్స్ ఆఫీసులోనూ, ఊళ్లో ఉన్న బంధువుల ఇళ్లలోనూ పాత కంప్యూటర్లకు కొత్త సిస్టమ్ పడుతుందో లేదో ముందుగా దీనితోనే చూస్తాను. ఇది చెప్పే వివరాలు నమ్మదగినవే. అయితే పైన పెద్ద అక్షరాలతో కనిపించే తీర్పును మాత్రమే చదివి వదిలేస్తే, ఇంకా ఏళ్ల తరబడి పనిచేయగల యంత్రాన్ని తక్కువ ధరకు అమ్ముకోవలసి వస్తుంది.

2021 జూన్‌లో వచ్చిన మొదటి రూపం కారణం చెప్పకుండా "కుదరదు" అని మాత్రమే అనేది. విమర్శలు రావడంతో దాన్ని వెనక్కి తీసుకొని, సెప్టెంబరులో కారణాలతో సహా మళ్లీ ఇచ్చారు. ఇప్పుడు "సీ ఆల్ రిజల్ట్స్" నొక్కితే ప్రాసెసర్, టీపీఎం 2.0 (తాళాలు భద్రపరిచే భద్రతా సదుపాయం), సెక్యూర్ బూట్ (నమ్మదగిన సిస్టమ్‌నే మొదలుకానిచ్చే ఏర్పాటు), 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ వంటివి వరుసగా కనిపిస్తాయి. అసలు విషయమంతా ఆ వరుసల్లోనే ఉంది, ఎందుకంటే అవన్నీ ఒకే స్థాయి అడ్డంకులు కావు.

గాజువాకలో మా అన్నయ్య ఇంటి డెస్క్‌టాప్ దీనికి మంచి ఉదాహరణ. అది ఇంటెల్ ఎనిమిదో తరం కోర్ ఐ5 ఉన్న అసెంబుల్డ్ సిస్టమ్. దానికి టీపీఎం, సెక్యూర్ బూట్ రెండూ లేవని ఫలితం రాగా, ఒక దుకాణంలో మదర్‌బోర్డు మార్చాలని చెప్పారట. ప్రాసెసర్ వరుస ఆకుపచ్చగా ఉండటం చూసి నేను బయోస్ (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరవగల సెట్టింగుల తెర) తెరిచాను. ఇంటెల్ పీటీటీ అనే ఆప్షన్ ఆపి ఉంది. దాన్ని ఆన్ చేయగానే టీపీఎం కనిపించింది. ఏఎండీ బోర్డుల్లో ఇదే సదుపాయం ఎఫ్‌టీపీఎం అనే పేరుతో ఉంటుంది.

సెక్యూర్ బూట్ మాత్రం అంత తేలికగా రాలేదు. సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో బయోస్ మోడ్ "లెగసీ" అని ఉంది, అంటే విండోస్ ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో విభజించిన డిస్కు మీద ఉంది. దాన్ని జీపీటీ అనే కొత్త పద్ధతిలోకి మార్చడానికి విండోస్ 10లోనే ఎంబీఆర్2జీపీటీ అనే కమాండ్ ఉంది, డేటా పోకుండానే ఆ పని చేస్తుంది. కానీ డిస్కులో మూడుకు మించి ప్రైమరీ పార్టిషన్లు (ప్రధాన భాగాలు) ఉన్నా, లోపల మళ్లీ ముక్కలు చేసుకునే ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ ఉన్నా అది ఒప్పుకోదు. మన దగ్గర అసెంబుల్ చేసేవారు సి, డి, ఇ, ఎఫ్ అని డిస్కును ముక్కలు చేసి ఇవ్వడం మామూలే కనుక చాలా ఇళ్లలో పని ఇక్కడే ఆగుతుంది. ఫొటోలు, కాగితాలు బయటి డ్రైవులోకి తీసుకొని, చివరి పార్టిషన్లు తొలగించి, మార్పు కుదురుతుందో లేదో అదే కమాండ్‌తో ముందుగా వ్యాలిడేట్ చేసిన తర్వాతే మార్చాను. ఆపైన బయోస్‌లో పాత పద్ధతిలో మొదలవడానికి వీలిచ్చే సీఎస్ఎం అనే ఆప్షన్ ఆపి సెక్యూర్ బూట్ పెట్టాను. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ వాడేవారు ఈ మార్పులకు ముందు రికవరీ కీని తప్పనిసరిగా వేరే చోట భద్రపరచుకోవాలి.

ప్రాసెసర్ వరుసలో "కాదు" అని వస్తే మాత్రం బయోస్‌లో చేయగలిగింది ఏమీ లేదు. ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 వరుస నుంచి మాత్రమే అనుమతి ఉంది. ఈ తనిఖీని దాటవేసే మార్గాలు ఉన్నాయి గానీ, అలా ఎక్కించిన యంత్రాలకు అప్‌డేట్లు వస్తాయన్న హామీని మైక్రోసాఫ్ట్ ఇవ్వడం లేదు. బ్యాంకు పనులు జరిగే కంప్యూటర్‌లో నేను ఆ దారి పట్టను.

ఈ ప్రోగ్రాములో నాకు నచ్చనిది "అవును" అన్న జవాబు. ఆఫీసులోని ఒక ల్యాప్‌టాప్‌లో ఎనిమిదో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్‌డిస్కు ఉన్నాయి. అన్ని వరుసలూ ఆకుపచ్చే. విండోస్ 11 ఎక్కించాక టాలీ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. ఎస్ఎస్‌డీ వేసి ర్యామ్‌ను 8 జీబీకి పెంచాకే అది పనికొచ్చింది. డిస్కు వేగం, పాత ప్రింటరుకు కొత్త డ్రైవరు ఉందా లేదా అన్నవి ఈ పరీక్ష చూడదు. మా సముద్రపు గాలికి ర్యామ్ కాంటాక్టులు మసకబారి యంత్రం ఉన్నట్టుండి ఆగిపోతుంటే, అదీ దీనికి తెలియదు. అందుకే ఫలితం ఏదైనా సరే, క్యాబినెట్ విప్పి శుభ్రం చేయించకుండా నేను అప్‌గ్రేడ్ మొదలుపెట్టను.

మా నాన్నగారి ల్యాప్‌టాప్ ఏడో తరానిది. విండోస్ 10 మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి, దానికి 2026 అక్టోబరు 13 వరకు వచ్చే అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో చేరాను. ఈలోగా పెన్‌డ్రైవ్ నుంచి విండోస్‌కు బదులుగా వాడే లినక్స్ మింట్ అనే ఉచిత సిస్టమ్‌ను నడిపి వైఫై, ప్రింటరు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో తెలుగు టైపింగ్ చూశాను. మూడూ పనిచేశాయి. గడువు తీరేలోపు అందులోకే మారుస్తాం.