స్వెటర్ భుజాలకు ఫోమ్ ప్యాడా, ఊలుతో అల్లినదా: ఏది మేలు?

చలికాలం దగ్గరపడితే చాలు, నా దగ్గర అల్లిక నేర్చుకునేవాళ్ళంతా ఇదే అడుగుతారు. స్వెటర్ భుజాలు జారుతున్నాయి, టైలరింగ్ సామాన్ల కొట్లో దొరికే ఫోమ్ ప్యాడ్లు కుట్టేస్తే సరిపోతుందా, లేక ఊలుతో అల్లుకోవాలా అని. నేనైతే అల్లుకోమనే చెప్తాను. అలాగని ఫోమ్‌ను తీసిపారెయ్యను.

ఫోమ్ తేలిక, జత కొనుక్కొచ్చి పది నిమిషాల్లో కుట్టేసుకోవచ్చు, భుజం కూడా బాగా నిలబడుతుంది. లైనింగ్ ఉన్న కోటుకు అదే మంచిది, దళసరి గుడ్డ దాని అంచును కప్పేస్తుంది కాబట్టి. స్వెటర్‌కు ఆ చాటు ఎక్కడిది? అల్లిక ఒంటితోపాటు సాగుతుంది, చెయ్యెత్తితే కదులుతుంది, ఫోమ్ మాత్రం బిగుసుకుని ఉన్నచోటే ఉంటుంది, దాంతో దాని అంచు భుజం మీద గీతలా పైకి తేలుతుంది. నేను అన్నిటికన్నా ముందు చూసేది ఈ అంచునే.

ఊలు ప్యాడ్‌లో ఆ అంచు మన చేతిలో ఉంటుంది. అన్నీ నిట్ (సూటి కుట్టు) వరసలే, పర్ల్ (ఉల్టా కుట్టు) అక్కర్లేదు. స్వెటర్‌కు 8 నంబరు సూదులు వాడి ఉంటే దీనికి 10 తీసుకోండి, మన సూదుల్లో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నం కాబట్టి అల్లిక గట్టిగా వస్తుంది. రెండు కుట్లతో మొదలుపెట్టి ప్రతి వరస మొదట్లో ఒక్కో కుట్టు పెంచుతూ, వరస 18 సెంటీమీటర్లు అయ్యేదాకా వెళ్ళి, అక్కడినుంచి అదే లెక్కన తగ్గిస్తే చతురస్రం వస్తుంది. దాన్ని ఆ పొడుగు వరస దగ్గర మడిస్తే త్రికోణం. మామూలు చతురస్రం అల్లి మూలకు మడవొచ్చు కదా అంటారు, కానీ ఆ మడత వరసలకు ఏటవాలుగా పడి సాగుతుంది, ఇది ఒకే వరస వెంట తిన్నగా నిలుస్తుంది. ఇంకో మెళకువ ఉంది. తగ్గించేటప్పుడు నాలుగు వరసలకోసారి ఒక కుట్టు అదనంగా తగ్గించండి. రెండో పొర కాస్త చిన్నదై మొదటి పొర లోపలే ఆగుతుంది, రెండు అంచులూ ఒకచోట పడవు కాబట్టి మందం మెల్లగా పలచబడి, బయటికి గీత కనబడదు. ఫోమ్‌ను కత్తెరతో ఎంత చెక్కినా ఇంత నున్నగా రాదు.

ఉతుకు సంగతి కూడా చూడండి. తిరుపతిలో చలి మొదలయ్యే వేళకే వానలూ ఉంటాయి, ఆ ముసురులో ఫోమ్ నీళ్ళు పీల్చుకుని ఓ పట్టాన ఆరదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున కొండకు వెళ్ళేవాళ్ళకు చెమ్మగా ఉన్న భుజాలతో క్యూలో నిలబడటం ఎంత కష్టమో వేరే చెప్పాలా? ఆ తర్వాత నెలల తరబడి స్వెటర్ బీరువాలోనే. మన ఎండాకాలం వేడికి పాత ఫోమ్ పచ్చబడి, పొడిపొడిగా రాలుతుంది. స్వెటర్‌లో మిగిలిన ఊలుతోనే ప్యాడ్ అల్లితే రెండూ ఒకేలా ఉతుకుతాం, ఒకేలా ఆరతాయి, తెల్ల స్వెటర్‌లోంచి వేరే రంగు కనబడదు. అక్రిలిక్ ఊలైతే ప్యాడ్ మీద వేడి ఇస్త్రీ పెట్టకండి, చదునై జీవం పోతుంది.

క్రోషాతోనూ చేసుకోవచ్చు గానీ మందంగా వస్తుంది. దూది కూరిన గుడ్డ ప్యాడ్లు ఉతికితే ఉండలు కడతాయి, స్వెటర్‌కు వద్దు.

కుట్టేటప్పుడు మడత వైపు చంక కుట్టు (చెయ్యి భుజానికి కలిసే కుట్టు) దగ్గరకు, మొన మెడ వైపుకు రావాలి, పెద్ద పొర స్వెటర్‌కు ఆనాలి. మడత సెంటీమీటరు మేర చేతిలోకి జరిగితే భుజం గుండ్రంగా కుదురుతుంది. చుట్టూ బిగించి కుట్టకండి. భుజం కుట్టు వెంట రెండుచోట్ల, చంక కుట్టు దగ్గర ఒకచోట వదులుగా టాకా వేస్తే చాలు, అల్లిక సాగడానికి చోటుంటుంది.